గిన్నె ఖాళీ అవుతోంది, ఫెర్రెట్ చిక్కిపోతోంది: పచ్చి మాంసానికి మార్చేటప్పుడు వచ్చే చిక్కులు

అమెరికాలో, బ్రిటన్‌లో ఫెర్రెట్లు (ముంగిసలా పొడవాటి ఒళ్లుండే, మాంసం తినే చిన్న పెంపుడు జంతువులు) పెంచే మనవాళ్లు ఏ సమస్యతో వచ్చినా నేను ముందు అడిగేది ఒకటే: తూకం వేశారా? వేసినవాళ్లు అరుదు. కిచెన్ స్కేల్ మీద డబ్బా పెట్టి సున్నా చేయండి. ఫెర్రెట్‌ను అందులో దించి, సాల్మన్ నూనె చుక్క నాకిస్తూ అంకె చూడండి. పొడి గుళికల నుంచి పచ్చి మాంసానికి మారుస్తున్నన్నాళ్లూ రోజూ ఒకే వేళకి తూచి రాసుకోండి. ఇది లేకపోతే కింద చెప్పేవన్నీ ఊహలే.

సమస్య: వాసన చూసి వెళ్లిపోతుంది

ఇది మొండితనం కాదు. ఏది తిండో ఫెర్రెట్ పసితనంలోనే, మొదటి కొన్ని నెలల్లో, వాసనతో నేర్చుకుంటుంది. పొడి గుళికలతో పెరిగినదానికి కోడిమాంసం తిండిలా తోచదు. అలవాటైన గుళికలనే నీళ్లలో మెత్తగా నానబెట్టి, చెంచాడు కీమా కలిపి, గోరువెచ్చగా పెట్టండి. తింటున్నకొద్దీ కీమా పెంచండి.

"ఆకలేస్తే అదే తింటుందిలే" అని మాత్రం మాడ్చకండి. తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికి వచ్చేసే ప్రాణి అది. పైగా మూడేళ్లు దాటినవాటిలో ఇన్సులినోమా (రక్తంలో చక్కెర పడిపోయేలా చేసే క్లోమగ్రంథి కణితి) మామూలు. చొంగ కారుస్తూ, వెనక కాళ్లు ఈడుస్తూ, శూన్యంలోకి చూస్తుంటే చిగుళ్లకు తేనె రాసి వెంటనే వెట్ (పశువైద్యుడు) దగ్గరికి తీసుకెళ్లండి.

సమస్య: గిన్నె ఖాళీ, బరువు మాత్రం తగ్గుతోంది. లేదా మాంసం ముట్టదు, అయినా హుషారుగా ఉంటుంది

రెండింటికీ కారణం చాలాసార్లు ఒకటే: దాచుకోవడం. నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే. ఫెర్రెట్ ముక్కను నోట కరుచుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ సోఫా కిందికి లాక్కుపోతుంది. యజమాని ఖాళీ గిన్నె చూసి తినేసిందనుకుంటాడు. మాంసం చాటున కుళ్లుతుంది. తర్వాత అదే తిని విరేచనాలు పట్టుకుంటే నింద పచ్చి మాంసం మీద పడుతుంది. రెండో రకంలో పాత గుళికల నిల్వ ఎక్కడో ఉంటుంది. మీరు గుళికలు ఆపేశామనుకుంటారు, అది ఆ నిల్వ మీదే బతుకుతుంటుంది.

టార్చి తీసుకుని వెతకండి. పడుకునే సంచి లోపలి మూల, ఊయల మడత, బూట్లు, ఫ్రిజ్ వెనక. సోఫాను తిరగేసి అడుగున కుట్టిన నల్లగుడ్డ చూడండి. అది చిరిగి ఉంటే లోపల చెయ్యి పెట్టాల్సిందే. దొరికినదంతా పారేసి, గుడ్డలు వేడినీళ్లలో ఉతకండి.

ఆ తర్వాత మాంసం పెట్టే చోటు మార్చండి. పరుపులేవీ లేని పంజరంలోనో, ఖాళీ స్నానపు తొట్టిలోనో పెట్టి, తినేదాకా దగ్గరే కూర్చోండి. అలవాటు పడేదాకా ముక్కలు వద్దు. కీమాను నీళ్లతో జారుగా కలిపితే మోసుకెళ్లడానికి వీలుండదు. ఎలుకపిల్లలు, కోడి మెడలు పెట్టే దశలో లెక్కపెట్టి ఇచ్చి, మిగిలినవి లెక్కపెట్టి తీసేయండి. చలికాలంలో బలిసి ఎండాకాలంలో తగ్గడం ఫెర్రెట్లకు సహజమే. కానీ ఆహారం మార్చిన వారంలోనే బరువు పడిపోతే దాన్ని రుతువు మీదికి నెట్టేయకండి.

సమస్య: మలం తేడాగా ఉంది

తెల్లగా పొడిపొడిగా ఉంటే ఎముక ఎక్కువైంది. జారుగా, ముదురు రంగులో ఉంటే కార్జం తగ్గించండి. ఆకుపచ్చ జిగురు ఒకటి రెండు సార్లయితే ఆగి చూడవచ్చు, ఆగకుండా వస్తే వెట్‌కి చూపించాలి. తారులా నల్లగా ఉంటే లోపల రక్తం పోతోందేమో, ఆ రోజే వెళ్లండి.

అలర్జీ అరుదు, అన్నీ చూశాకే దాని సంగతి. ఎముక అడ్డుపడటం ఎక్కువగా వండిన ఎముకతోనే, వండినది పెట్టనే వద్దు. ఎముక లేని కండ ఒక్కటే నెలల తరబడి పెడితే కాల్షియం లోటు తప్పదు.

బర్డ్ ఫ్లూను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. 2024 చివర్లో అమెరికాలో పచ్చి ఆహారం వల్ల పిల్లులకు అది సోకింది. ఫెర్రెట్లకూ సోకుతుంది, ఫ్రీజర్‌లో పెట్టినా ఆ వైరస్ చావదు. మీ ప్రాంతంలో కోళ్లకు వచ్చిందని తెలిస్తే పచ్చి కోడి ఆపి, కుందేలు మాంసానికి మారడం గురించి వెట్‌తో మాట్లాడండి.