సర్వర్‌కు లోడ్ లేదు, పేజీకి మాత్రం ఒక సెకను ఆలస్యం

సమస్య

రద్దీ వేళ సైట్ కొందరికి వెంటనే తెరుచుకుంటుంది, కొందరికి సెకను పైనే పడుతుంది. సీపీయూ సగం ఖాళీ. వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ (nginx) లాగ్‌లో ఏ రిక్వెస్టూ 30 మిల్లీసెకన్లు దాటలేదు. ఇక అందరూ నెట్‌వర్క్ టీమ్ మీద పడతారు. ఆగి, ఆలస్యాల అంకెలు చూడండి: 1.02, 1.03, అక్కడక్కడా 3.05 సెకన్లు. ఎలా పడితే అలా ఉండాల్సిన అంకెలు ఇలా గుంపు కట్టాయంటే ఎక్కడో ఒక టైమర్ నడుస్తోందన్నమాట.

కారణం

క్లయింట్ (యూజర్ బ్రౌజర్), సర్వర్ ఒకరినొకరు పలకరించుకునే హ్యాండ్‌షేక్ పూర్తయిన కనెక్షన్‌ను వెబ్ సర్వర్ తీసుకునేదాకా లినక్స్ కెర్నల్ యాక్సెప్ట్ క్యూ అనే వరుసలో ఉంచుతుంది. ఆ క్యూ నిండితే కొత్త కనెక్షన్ అడుగుతూ వచ్చిన సిన్ ప్యాకెట్‌ను చడీచప్పుడు లేకుండా పారేస్తుంది. క్లయింట్ ఒక సెకను చూసి మళ్లీ పంపుతుంది. అప్పుడూ చోటు దొరక్కపోతే ఇంకో రెండు సెకన్లు ఆగుతుంది. ఇదంతా ఎన్‌జిన్‌ఎక్స్ చేతికి అందకముందే జరుగుతుంది కాబట్టి లాగ్‌లో జాడ ఉండదు.

ప్రోగ్రామ్ అడిగే పొడవు (బ్యాక్‌లాగ్), కెర్నల్ ఒప్పుకునే గరిష్ఠ పొడవు (సోమాక్స్‌కాన్): ఈ రెండిట్లో ఏది తక్కువైతే క్యూ పొడవు అదే. లినక్స్‌లో ఎన్‌జిన్‌ఎక్స్ 511 అడుగుతుంది. సోమాక్స్‌కాన్ డిఫాల్ట్ విలువ 5.4 కెర్నల్‌కు ముందు 128, ఆ వెర్షన్ నుంచి 4096. అంటే పాత మెషీన్‌లో 511 అడిగినా దక్కేది 128. కెర్నల్ కొత్తదైనంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం. జావా అప్లికేషన్లు నడిపే టామ్‌క్యాట్ సర్వర్ సెట్టింగ్ ముట్టుకోకపోతే అది అడిగేది 100 మాత్రమే.

నిర్ధారణ

సాకెట్ల స్థితి చూపే ఎస్ఎస్ కమాండ్‌ను ఎల్, ఎన్, టీ ఆప్షన్లతో (ss -lnt) నడపండి. లిజన్ వరుసల్లో రిసీవ్ క్యూ అంటే ఇప్పుడు వేచి ఉన్నవి, సెండ్ క్యూ అంటే గరిష్ఠ పొడవు. క్యూ రద్దీ క్షణాల్లోనే నిండుతుంది గనుక ఒక్కసారి చూస్తే దొరక్కపోవచ్చు. నెట్‌వర్క్ లెక్కలు చూపే ఎన్‌స్టాట్ కమాండ్‌లో లిజన్ ఓవర్‌ఫ్లోస్ కౌంటర్ మాత్రం దాచదు. అది రద్దీలో పెరుగుతుంటే దొంగ దొరికినట్టే.

పరిష్కారం

సోమాక్స్‌కాన్‌ను కెర్నల్ సెట్టింగులు మార్చే సిస్‌కంట్రోల్ (sysctl) కమాండ్‌తో 4096 చేసి, ఎన్‌జిన్‌ఎక్స్ కాన్ఫిగ్‌లోని లిజన్ లైన్‌లో బ్యాక్‌లాగ్ కూడా అంతే పెట్టి, సర్వర్‌ను రీస్టార్ట్ చేయండి. సాకెట్ తెరిచినప్పుడే పొడవు ఖాయమవుతుంది కాబట్టి ఒక్క సిస్‌కంట్రోల్‌తో పని కాదు. కంటైనర్‌లో నడుస్తుంటే ఆ విలువ హోస్ట్‌లో మార్చినా లోపలికి రాదు. ప్రతి నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌కూ (కంటైనర్‌కు విడిగా ఉండే నెట్‌వర్క్ పరిధి) దాని సోమాక్స్‌కాన్ దానిదే.

తర్వాత కూడా క్యూ ఎప్పుడూ నిండుగానే ఉంటే పొడవు పెంచడం ఆపేయండి. వర్కర్లు (సర్వర్‌లో రిక్వెస్టులు చూసే ప్రాసెస్‌లు) కనెక్షన్లను తీసుకోలేకపోతున్నారు. డిస్క్ మీదో, డేటాబేస్ మీదో ఆగి ఉంటారు. అక్కడ క్యూ పెంచితే జనం ఎక్కువసేపు నిలబడతారంతే.

ఇంకో సమస్య: ఎర్రర్ 99

ఎన్‌జిన్‌ఎక్స్ తన వెనక ఉన్న బ్యాకెండ్ సర్వర్‌కు కనెక్ట్ కాలేక ఎర్రర్ 99 వస్తుంటే యాక్సెప్ట్ క్యూను వదిలేయండి, లోకల్ పోర్టులు అయిపోయాయి. మామూలుగా 32768 నుంచి 60999 దాకా ఉంటాయి, మూసిన ప్రతి కనెక్షన్ టైమ్‌వెయిట్ అనే నిరీక్షణ దశలో 60 సెకన్లు ఒకదాన్ని పట్టుకుంటుంది. అప్‌స్ట్రీమ్‌కు (అంటే బ్యాకెండ్‌కు) కీప్‌అలైవ్ పెట్టండి, తెరిచిన కనెక్షన్‌నే మళ్లీ వాడుతుంది. పాత చిట్కాల్లో కనిపించే టీడబ్ల్యూ రీసైకిల్ (tcp_tw_recycle) సెట్టింగ్ జోలికి పోకండి. నాట్ (ఒకే ఐపీ అడ్రస్‌ను పలువురు పంచుకునే ఏర్పాటు) వెనక ఉన్న యూజర్ల కనెక్షన్లను అది తెంపేసేది, 4.12 కెర్నల్‌లో తీసేశారు.