ఇంటి పొదుపు – నాలుగో పాఠం: కొన్న సరుకు చెడకుండా నిలవ చేయడం

ఈ విడతలో కరెంటు బిల్లు చదవడం నేర్పుతానని చెప్పి ఉన్నాను. ఆ పాఠాన్ని వచ్చే విడతకు జరుపుతున్నాను. మూడో పాఠం చదివి మార్చిలో ఏడాది సరుకు కొన్నవారు రాసిన ఉత్తరాలన్నీ తిరిగి తిరిగి ఒక్క చోటికే వస్తున్నాయి. కందిపప్పులో పురుగు పడిందట, మిరపకాయలకు బూజు పట్టిందట, చింతపండు కారి జాడీ అడుగున తడి చేరిందట. రావులపాలెం నుంచి ఒకావిడ, చవకగా కొని పారబోస్తే అది పొదుపు ఎలా అవుతుందని సూటిగానే అడిగారు. పాలకొల్లు నుంచి రాసినవారు కొత్తగా కొన్న ప్లాస్టిక్ డబ్బాల ఖరీదు కూడా నా ఖాతాలోనే వేశారు. అడగవలసిన ప్రశ్నలే అడిగారు కనుక ముందుగా లెక్క చూద్దాం.

విడిగా కొంటే కిలో 140 రూపాయలుండే కందిపప్పు, పది కిలోలు ఒక్కసారి తీసుకుంటే 130కి వచ్చిందనుకోండి. అక్కడ వంద రూపాయలు మిగిలినట్టు కనిపిస్తుంది. అందులో ఒక్క కిలో పురుగు పట్టి పారబోశారంటే మీరు తిన్నది తొమ్మిది కిలోలు, ఇచ్చింది 1300 రూపాయలు, అంటే కిలో 144 రూపాయలు దాటింది. నెలనెలా వీధి చివరి కొట్లో కొనుక్కున్నవారే మీకంటే చవకగా తిన్నారు. రెండో పాఠంలో మొదలుపెట్టిన ఖర్చుల పుస్తకంలో ఇక నుంచి ప్రతి నిలవ సరుకుకూ రెండు గడులు గీయండి: ఒకటి కొన్న ధర, రెండోది తిన్న ధర. మొదటిది అంగడివాడి చేతిలో ఉంటుంది, రెండోది పూర్తిగా మన చేతిలో ఉంటుంది. బియ్యం బస్తాలకు కూడా ఇదే పద్ధతిలో కిలో లెక్క కట్టుకోవాలి. ముద్రించిన సంచుల్లో 25 కిలోల వరకు అమ్మే బియ్యం మీద 2022 జూలై 18 నుంచి 5 శాతం జీఎస్టీ పడటంతో, పన్ను తగలకుండా 26 కిలోల బస్తాలు వచ్చాయి. బస్తా ధరకు బస్తా ధర పోల్చి మోసపోకుండా, కిలోకు ఎంత పడిందో చూసుకుంటే చాలు.

మన గోదావరి డెల్టాలో సరుకు నిలవ చేయడం ఎందుకు కష్టమో ఒకసారి ఆలోచించండి. అనంతపురంలో ఉండే చుట్టాలు కందులు గోనెసంచిలో పోసి మూల పెట్టినా చాలాకాలం బాగానే ఉంటాయి, ఎందుకంటే అక్కడి గాలి పొడిగా ఉంటుంది. మనకు ఒక పక్క సముద్రం, ఇంటి వెనుక కాలువ, ఎదురుగా నీరు నిలిచిన వరిచేను, చేపల చెరువు, కోనసీమ వైపు అయితే ఎండ నేల మీద పడనివ్వని కొబ్బరి తోట ఉంటాయి. కాలువలు కట్టేసే వేసవి వారాలు తప్పిస్తే గాలిలో తడి లేని రోజులు మనకు తక్కువ. జూన్ తరువాత నేల కూడా చెమ్మగిల్లుతుంది. గింజ తన చుట్టూ ఉన్న గాలిలోని తడిని పీల్చుకుంటుంది. తడి పెరిగిన గింజలో పురుగూ బూజూ త్వరగా పెరుగుతాయి. కాబట్టి మన శత్రువు పురుగు కాదు, తడి. ఈ మాట ఒప్పుకోనివారు పురుగు మందుల వెంట పడతారు, ఆ సంగతి తరువాత చెబుతాను.

వరి పండించే ఇళ్లవారికి తేమ శాతం కొత్త మాట కాదు. కొనుగోలు కేంద్రంలో ధాన్యానికి 17 శాతం తేమ వరకు అనుమతిస్తారని అందరికీ తెలుసు. అయితే అమ్మడానికి సరిపోయే ఎండు వేరు, నెలల తరబడి నిలవ చేయడానికి కావలసిన ఎండు వేరు. నిలవకు ధాన్యమైతే 14 శాతానికి లోపు, పప్పులైతే 10 శాతం దగ్గరికి దిగాలి. ఇంట్లో తేమ కొలిచే యంత్రం ఉండదు, అవసరం కూడా లేదు. రెండు చెంచాల ఉప్పును పొడి మూకుడులో వేయించి, చల్లార్చి, బాగా ఆరిన గాజు సీసాలో వేయండి. సీసాలో మూడో వంతు వరకు గింజలు పోసి, మూత బిగించి, ఒక నిమిషం కదిపి, పావుగంట కదపకుండా ఉంచండి. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే గింజలో తడి 15 శాతం దాటి ఉన్నట్టు లెక్క. అంటుకోకుండా అడుగుకు రాలితే ధాన్యానికి దాదాపు సరిపోయినట్టే. పప్పుకు మాత్రం అదొక్కటే చాలదు. పంటి కింద పెట్టి కొరికితే నలగకుండా టక్కున విరగాలి. మిరపకాయకు ఉప్పు పరీక్ష పనికిరాదు. కాయను చెవి దగ్గర పెట్టి ఊపితే గింజలు గలగలమనాలి, తొడిమ వంగకుండా విరగాలి.

డబ్బాలు కడిగి ఆరబెట్టడం, తడి చెయ్యి లోపల పెట్టకపోవడం వంటివి అందరికీ తెలిసినవే, వాటిని నేను చెప్పను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ మంది "బాగా ఎండబెట్టి, వేడి తగ్గకముందే డబ్బాలో పోసి మూత బిగించాం, అయినా బూజు పట్టింది" అని రాశారు. అయినా కాదు, అందుకే పట్టింది. వేడిగా పోస్తే పురుగు చస్తుందన్న నమ్మకం ఎక్కడ పుట్టిందో గాని, మన జిల్లాలలో అత్తగారి నుంచి కోడలికి తప్పకుండా అందుతూ వస్తోంది. మధ్యాహ్నం ఎండలో ఉన్న పప్పు చేతికి చురుక్కుమనేంత వేడిగా ఉంటుంది. గింజల మధ్య ఉన్న వేడి గాలి చాలా తడిని ఆవిరి రూపంలో పట్టి ఉంచుతుంది, గింజ లోపల మిగిలిన తడి కూడా వేడికి బయటికి వస్తూనే ఉంటుంది. మూత బిగించాక ఆ ఆవిరికి దారి లేదు. రాత్రికి స్టీలు డబ్బా అంచులూ మూతా గింజల కంటే ముందే చల్లబడతాయి. అన్నం గిన్నె మీద మూత లోపల నీటి బొట్లు ఎలా పడతాయో, డబ్బా మూత లోపలా అలాగే పడి, పై వరుస మీద కారుతాయి. మూడు రోజుల తరువాత మూత తీసి చూసేవారికి పైన పొడిగానే కనిపిస్తుంది, ఎందుకంటే ఆ నీటిని అప్పటికే పై అంగుళం సరుకు తాగేసింది. బూజు మొదలయ్యేదీ అక్కడే. రేకుల ఇళ్లలో రాత్రికీ పగటికీ వేడిలో తేడా ఎక్కువ కాబట్టి అక్కడ ఇది మరింత త్వరగా జరుగుతుంది.

దీనికి విరుగుడుగా కొందరు రాత్రంతా వరండాలో పరిచి చల్లార్చి, తెల్లవారాక పోస్తున్నారు. అది రెండో పొరపాటు. సాయంత్రం నాలుగు దాటాక సముద్రం మీది గాలి తిరుగుతుంది, తెల్లవారుజామున మంచు కూడా పడుతుంది. పగలంతా పోగొట్టిన తడిని రాత్రి తిరిగి ఎక్కిస్తున్నారు. సరైన పని ఈ రెంటి మధ్య ఇరుకుగా ఉంటుంది. మూడు గంటలకల్లా సరుకును ఎండలోంచి ఇంట్లోకి తీసి, గది మధ్యలో పొడి గుడ్డ మీద పలుచగా పరిచి, పైన మరో గుడ్డ కప్పి, గంట, గంటన్నర ఆగాలి. చేతి వెనుక భాగం గింజలలో దూర్చినప్పుడు వేడిగాని చల్లదనంగాని తెలియకూడదు. అప్పుడు, దీపాలు పెట్టకముందే, డబ్బాలో పోసి, తట్టి, గాలి చోటు మిగలకుండా అంచు దాకా నింపాలి. రవ్వను వేయించి నిలవ చేసేవారికీ ఇదే నియమం. అప్పడాలు, వడియాలు, ఆవకాయకు కొట్టించిన కారం, అన్నిటికీ ఇదే. వేడి దిగకుండా మూత పెట్టకూడదు, చల్లారాక ఆలస్యం చేయకూడదు.

డబ్బాల విషయంలో పాలకొల్లు వారికి నా సమాధానం: కొత్తవి ఎందుకు కొన్నారు? మిఠాయి దుకాణాలలో ఖాళీ అయిన 15 కిలోల నూనె డబ్బా శుభ్రం చేసుకుంటే అంతకంటే గట్టిది దొరకదు. అయితే అది దాచే డబ్బా మాత్రమే, రోజూ తెరిచేది కాదు. నెలకు కావలసినంత పప్పును చిన్న డబ్బాలోకి తీసుకుని, పెద్దదాన్ని నెలకు ఒక్కసారే, అది కూడా వాన లేని మధ్యాహ్నం తెరవండి. మూత తీసిన ప్రతిసారీ తడి గాలి లోపలికి వెళుతుంది. డబ్బాలను నేల మీద, గోడకు ఆనించి పెట్టకండి. ధాన్యాన్ని గడ్డి వెంటి (పేనిన గడ్డి తాడు) చుట్టి పురి కట్టి నిలవ చేసిన రోజులలో కూడా కింద గడ్డి పరిచి నేలకు తగలకుండా జాగ్రత్త పడేవారు. ఒక పీటగాని రెండు ఇటుకల మీద చెక్కగాని చాలు. గోదావరి పాయల మధ్య, వరద వచ్చే లంక గ్రామాలవారు జూలై రాకముందే డబ్బాలను అటక ఎక్కించడం మంచిది, వారికి నేను చెప్పవలసిన పని లేదు.

కందిపప్పుకు కిలోకు ఒక చెంచా ఆముదం రెండు చేతులతో పట్టించండి. పప్పు మీద పురుగు పెట్టే గుడ్లను నూనె పొర కప్పేసి గాలి ఆడనివ్వదు. వండే ముందు కడిగితే వాసన పోతుంది. నేనైతే ఆముదం పట్టించినా ఆరు నెలలకు మించి కందిపప్పు కొనను. బియ్యం రెండు నెలలకే. ముక్కపురుగు గింజను తొలిచి, లోపల గుడ్డు పెట్టి, పైన పూడ్చేస్తుంది కాబట్టి ఎంత చెరిగినా, జల్లించినా అది పోదు, మన వేడికి నెల, నెలన్నరలో కొత్త తరం బయటికి వస్తుంది. పొలం ఉన్నవారు ధాన్యంగానే ఉంచి విడతలుగా ఆడించుకోవడం అందుకే మేలు. బియ్యాన్ని మాత్రం ఎండలో పోయకండి, బీటలు వారి వండేటప్పటికి నూకలవుతాయి. చింతపండు గింజ, పీచు తీసి ఉప్పు కలిపి జాడీలో అణిచిపెట్టండి. లోహపు డబ్బాలో పెట్టకండి.

మిరపకాయల దగ్గర ఖచ్చితంగా ఉండాలి. బూజు పట్టిన కాయలను తుడిచి, మళ్లీ ఎండబెట్టి, కారం ఆడిస్తే తెలియదులే అనుకునేవారున్నారు. ఆ బూజులలో ఒక రకం అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది, అది కాలేయానికి హాని చేస్తుంది, ఎండకూ మామూలు వంట వేడికీ పోదు. వేరుశనగ గుళ్లకూ ఇదే వర్తిస్తుంది. బూజు కాయలను పారవేసి, ఆ నష్టాన్ని తిన్న ధరలో రాయండి. ఏడాది కాయలు కొన్నా కారం మూడు నెలలకోసారే ఆడించడం నా అలవాటు, ఎందుకంటే కాయకంటే పొడి తడిని త్వరగా పీలుస్తుంది.

మందుల గురించి చెబుతానన్నాను. బియ్యంలో బోరిక్ పొడి కలపకండి. ధాన్యం గోదాములలో వాడే బిళ్ళలను ఎవరైనా ఇస్తే ఇంట్లోకే తేవద్దు. గాలిలోని తడి తగిలితే వాటి నుంచి ఫాస్ఫీన్ అనే వాయువు వస్తుంది, మూసిన గదిలో పడుకున్నవారి ప్రాణాలు తీస్తుంది. పది కిలోల పప్పు కోసం ఆ సాహసం అక్కర లేదు.

అభ్యాసం. రోహిణి కార్తె దాటకముందే, ఎండలు ఉండగానే, మిగిలిన సరుకంతా బయటికి తీసి బూజు పట్టినది వేరు చేసి పారవేయండి. బియ్యం కాక మిగిలినవాటిని మళ్లీ ఎండబెట్టి, పైన చెప్పిన వేళలకే చల్లార్చి నింపండి. బియ్యాన్ని నీడలోనే ఆరబోయండి. ఇంట్లో ఉన్న ప్రతి గింజ సరుకుకూ ఉప్పు పరీక్ష చేసి ఫలితాన్ని డబ్బా మీద కాగితం అంటించి రాయండి. ఆ తరువాత జూన్ నుంచి నవంబరు వరకు ప్రతి నెలా మొదటి ఆదివారం ఒక్కొక్క డబ్బాను తూచి, ఎంత వాడారో, ఎంత పారబోశారో పుస్తకంలో వేయండి. చేతి అంచనా పనికిరాదు, తూచవలసిందే. నవంబరు చివర ఏ సరుకుకు తిన్న ధర విడి ధరను దాటిందో ఆ సరుకును వచ్చే ఏడాది నెలనెలా కొనుక్కోండి, దాటనివాటిని మార్చిలో కొనండి. వచ్చే విడతకు గడచిన పన్నెండు నెలల కరెంటు బిల్లులు వరుసగా పెట్టుకుని కూర్చోండి. ఒక్కటి తక్కువైనా ఆ పాఠం ముందుకు సాగదు.