గోల్ఫ్‌లో స్లైస్ తగ్గింది: గ్రిప్ మార్చాక నా అనుభవం

డ్రైవర్‌తో (బంతిని దూరం కొట్టే పెద్ద క్లబ్) కొట్టిన బంతి తిన్నగానే బయల్దేరి, సగం దూరం పోయాక కుడిపక్క చెట్లలోకి వంగిపోయేది. దీన్నే స్లైస్ అంటారు. నాది కుడిచేతి వాటం. స్టాన్స్ (నిలబడే తీరు) మార్చాను, బంతిని నిలబెట్టే టీ పుల్ల ఎత్తు మార్చాను, చివరికి కొత్త డ్రైవరే కొన్నాను. డబ్బులు పోయాయి గానీ స్లైస్ పోలేదు.

అసలు సంగతి ఎడమచేతి గ్లవ్ చెప్పింది. మణికట్టుకు కాస్త పైన, అరచేయి చివర చిల్లు పడింది. క్లబ్ అరచేతిలో జారుతోందన్నమాట.

ముందు ఎడమచేయి సరిచేశాను. క్లబ్‌ను అరచేతిలో కాకుండా వేళ్ల మొదళ్లలో పెట్టి, చేతిని కాస్త కుడికి తిప్పాను. కిందికి చూస్తే ఇప్పుడు రెండు మెటికలు పూర్తిగా, మూడోది సగం కనిపిస్తాయి. ఇదివరకు ఒక్కటే కనిపించేది. తర్వాత కుడి చిటికెన వేలు. ఎడమ చూపుడువేలి మీద ఆనించే వార్డన్ గ్రిప్ మానేసి, ఆ రెండు వేళ్లనూ ఒకదానిలో ఒకటి మెలివేశాను. గోల్ఫ్ దిగ్గజాలు జాక్ నిక్లాస్, టైగర్ వుడ్స్ పట్టు ఇదే. నావీ చిన్న చేతులే, నిక్లాస్‌లాగా (పోలిక అక్కడితో సరి).

పది రోజులు సెవెన్ ఐరన్‌తో (మధ్యస్థ దూరానికి వాడే క్లబ్) సగం స్వింగులే. మొదట్లో బంతులు ఎడమకి పోయాయి, చిటికెన వేలు వాచింది. మూడోవారం నుంచి డ్రైవర్‌తో కొట్టిన బంతి ఫెయిర్‌వేలో (మధ్యలో గడ్డి కత్తిరించిన దారి) ఆగుతోంది.

రెండు మార్పులూ ఒకేసారి చేశాను కాబట్టి ఏది పనిచేసిందో గట్టిగా చెప్పలేను. ఎడమచేయి తిప్పడమేనని నా అనుమానం. మీ స్లైస్ పట్టు వల్ల కాక, స్వింగ్‌లో క్లబ్ కదిలే దారి వల్ల వస్తుంటే ఇది పనిచేయకపోవచ్చు. పటింగ్‌కి (బంతిని గుంటలోకి దొర్లించడానికి) మాత్రం పాత పట్టే.