కొత్తది తయారు చేసే ప్రాజెక్టు నడవడం లేదా? మేనేజర్ చూసుకోవాల్సిన సమస్యలు – పరిష్కారాలు

స్లాబ్ వేశాక ఎన్ని రోజులకు సెంట్రింగ్ విప్పాలో మేస్త్రీని అడిగితే ఠక్కున చెప్తాడు. ఇంతవరకూ ఎవరూ చేయని పరికరం ఎన్ని రోజుల్లో పనిచేస్తుందంటే చెప్పగలిగినవాళ్లు ఉండరు. అయినా రెండు ప్రాజెక్టులకీ మనం ఒకే రకం తేదీల పట్టిక గీస్తాం. కొత్త పనిలో మేనేజర్ దగ్గర ముందుగా ఉండాల్సింది ఇంకా ఏమేం తెలియదో రాసుకున్న చిట్టా. ఆ చిట్టా లేకపోతే వచ్చే జబ్బులు కింద ఉన్నాయి. వీటిలో సగం నేను స్వయంగా చేసిన పొరపాట్లే.

“తొంభై శాతం అయిపోయింది సార్”

లక్షణం: రెండు నెలలుగా ప్రతి సోమవారం ఇదే మాట. మిగిలిన పది శాతం కదలదు.

కారణం: సులువైన పనులు ముందు చేసేశారు. అసలు అవుతుందో లేదో తెలియని పనిని చివరికి నెట్టేశారు.

ఎండుమిర్చిలో తేమ కొలిచే చిన్న పరికరం ఒకటి మేం తయారు చేయబోయాం. కాయని నలిపి, గింజల గలగల విని తేమ అంచనా వేసే చోట ఒక అంకె కనిపిస్తే రైతుకీ వ్యాపారికీ గొడవ ఉండదని ఆశ. యాప్ తయారైంది, పెట్టె ముచ్చటగా కుదిరింది, బ్యాటరీ రోజంతా వచ్చేది. ల్యాబ్‌లో మిర్చి పొడి మీద సెన్సర్ బ్రహ్మాండంగా పనిచేసింది. నాలుగో నెలలో గుంటూరు యార్డుకి పట్టుకెళ్లాం. ఒకే టిక్కీలోంచి (మిర్చి బస్తాలోంచి) మూడుసార్లు కాయలు తీసి కొలిస్తే 9, 14, 11 అని మూడు అంకెలు చూపించింది. పక్కన నిలబడి చూస్తున్న హమాలీ ఒకాయన, “అదిమి పోస్తే ఒకటీ, వదులుగా పోస్తే ఒకటీ చెప్తోంది గదయ్యా” అని నవ్వాడు.

మాకు నాలుగు నెలలు పట్టిన సంగతి ఆయనకి ఐదు నిమిషాల్లో తెలిసిపోయింది. ఆ సెన్సర్ రెండు రేకుల మధ్య పడిన సరుకు విద్యుత్ గుణాన్ని బట్టి తేమని లెక్కగడుతుంది. పొడిలో ఖాళీలు తక్కువ. కాయల మధ్యా, కాయ లోపలా ఉండేదంతా గాలే. కాయలు ఎంత ఒత్తుగా పడ్డాయన్నదాన్ని బట్టి అంకె మారిపోతోంది. కాయలు పోసే కప్పు అడుగున చిన్న తూకం పెట్టి, బరువును బట్టి లెక్క సవరిస్తే దారికొచ్చింది. ఆ పనికి పట్టింది మూడు వారాలే. యార్డుకి మొదటి వారంలోనే వెళ్లి ఉంటే యాప్ రంగుల మీద అన్ని సమావేశాలు పెట్టేవాళ్లం కాదు.

ఏం చేయాలి: మొదటి రోజే టీమ్‌తో కూర్చుని, “ఏ ఒక్కటి తప్పయితే ఈ ప్రాజెక్టు మొత్తం పోతుంది?” అని అడగండి. వచ్చిన జవాబుల్లో పెద్దవి మూడు ఏరి, ముందు వాటినే పరీక్షించండి, అదీ అసలు వాడే చోట, అసలు సరుకు మీద. పెట్టె, లోగో ఎక్కడికీ పోవు. సోమవారం సమావేశంలో శాతాలు అడగడం మానేసి, “పోయిన వారం మనకి తెలియనిది ఈ వారం ఏం తెలిసింది?” అని అడగండి. రెండు వారాలు వరసగా జవాబు లేకపోతే పని ఆగిపోయినట్టే.

సమావేశంలో అందరూ తలూపుతారు, చెడ్డవార్త చివరి వారంలో బయటపడుతుంది

టీమ్‌లో నిజాయితీ లేదని తిట్టుకోకండి. పోయినసారి చెడ్డవార్త తెచ్చినవాడికి ఏం జరిగిందో గుర్తుచేసుకోండి, కారణం అక్కడే దొరుకుతుంది.

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ మొదటిసారి లేచింది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో లీకు వల్ల రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. విలేకరుల ముందుకి ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్ తానే వెళ్లి బాధ్యత నెత్తిన వేసుకున్నారు. ఏడాది తిరగకుండానే, 1980 జులై 18న ఎస్‌ఎల్‌వీ-3 మళ్లీ లేచి రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చినప్పుడు మాత్రం కలాంని మాట్లాడమన్నారు. ఈ సంగతి కలాం చాలా సభల్లో చెప్పారు. మనవాళ్లు దీన్ని పెద్దమనసుకి ఉదాహరణగా చెప్పుకుంటారు. నాకైతే అందులో పనికొచ్చే లెక్క ఒకటి కనిపిస్తుంది. తిట్లు పైనే ఆగిపోతే, లీకు ఎక్కడుందో కిందివాళ్లు దాచాల్సిన అవసరం ఉండదు.

కాబట్టి ఎవరైనా తప్పు చెప్పినప్పుడు “ఎందుకు చేశావ్?” అన్న మాట నోట్లోనే ఆపుకుని, “ఎప్పుడు కనిపించింది? చూపించు” అనండి. జూనియర్లతో ముందు మాట్లాడించండి. సీనియర్ నోరు తెరిచాక వాళ్లు ఎలాగూ తెరవరు. కొన్ని నిజాలు కాన్ఫరెన్స్ రూమ్‌లో రావు, టీ బండి దగ్గరే వస్తాయి. మీరూ వెళ్లండి.

ఒకటి బాగుచేశాం, ఇంకోటి పగిలింది

లక్షణం: పరీక్ష పోయింది. కారణం పట్టుకున్నారు, సరిచేశారు. మళ్లీ పరీక్ష పెడితే వేరేచోట పోయింది.

కారణం: ఏది పాడైందో అదొక్కటే చూశారు.

2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 ల్యాండర్ చంద్రుడి మీద కూలిపోయింది. ఇంజిన్లు అనుకున్నదానికన్నా కాస్త ఎక్కువ బలంతో తోశాయనీ, చిన్న చిన్న తేడాలు పోగుపడ్డాయనీ, దిగాల్సిన చోటు 500 మీటర్ల పొడవూ వెడల్పే కావడంతో ల్యాండర్‌కి సర్దుకునే వీలు లేకపోయిందనీ 2023లో ఇస్రో ఛైర్మన్‌గా ఉన్న సోమనాథ్ వివరించారు. ఇంజిన్ సంగతొక్కటే చూసుకుని మళ్లీ పంపి ఉండొచ్చు. వాళ్లు అలా చేయలేదు. దిగే చోటుని 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకి పెంచారు. కాళ్లు గట్టిపరిచారు, ఇంధనం ఎక్కువ పెట్టారు, వేగం కొలిచే లేజర్ పరికరం చేర్చారు, ఐదు ఇంజిన్లని నాలుగు చేశారు. ఏది పాడైనా సరే ఎలా దిగాలి అన్నదే ప్రశ్న. ప్రాజెక్టు డైరెక్టర్ వీరముత్తువేల్, అసోసియేట్ డైరెక్టర్ కల్పన కాళహస్తి నడిపించిన ఆ బృందం 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 ల్యాండర్‌ని క్షేమంగా దించింది.

మన స్థాయిలో దీనికి రాకెట్లు అక్కర్లేదు. ప్రతి ముఖ్యమైన అంకె పక్కన “ఇది రెండింతలు తప్పితే?” అని రాసి చూడండి. తూకం పెట్టాక మేం చేసింది అదే. కప్పు అడుగున మిర్చి గింజలు పేరుకుంటే బరువు తప్పుతుంది కదా! అందుకే ప్రతి కొలతకీ ముందు ఖాళీ కప్పుని సున్నాతో సరిచూసుకునే ఏర్పాటు పెట్టాం.

ప్రయోగాలు ఎప్పటికీ తెమలవు

ప్రశ్న రాయకుండా ప్రయోగం మొదలుపెడితే ఇంతే. ఏం తేల్చాలి, ఎన్ని రోజుల్లో, ఎంత తేడా వస్తే ఆపేస్తాం అన్న మూడు ముక్కలూ ముందే రాయించండి. ఫలితం వచ్చాక గీత జరపడానికి ఒప్పుకోవద్దు. మంచి ఇంజినీర్లే దీని మీద ఎక్కువ గొడవపడతారు, పడనివ్వండి.

“ఎప్పటికి అవుతుంది?” అని పైనుంచి రోజూ ఫోన్

ఎప్పుడో టెన్షన్‌లో మీరే ఒక తేదీ చెప్పేసి ఉంటారు. ఇప్పుడు దాన్ని నెలనెలా జరుపుతూ పరువు పోగొట్టుకుంటున్నారు. మొత్తం ఎప్పటికి పూర్తవుతుందో చెప్పడం మానేసి, తర్వాతి సంగతి ఎప్పటికి తేలుతుందో చెప్పండి. ఆ తేదీని మాత్రం తప్పకండి.

యార్డు నుంచి వచ్చిన మర్నాడు మా బాస్ దగ్గరికి వెళ్లి, “తూకం పెట్టిన కప్పుతో కాయల మీద అంకె నిలబడుతుందో లేదో 20వ తేదీకి చెప్తాను సార్. నిలబడితే ఇంకో మూడు నెలలు ఇవ్వండి. నిలబడకపోతే ప్రాజెక్టు ఆపేయమని నేనే రాసిస్తాను” అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత క్యాలెండర్ తెరిచి, “20న ఎన్నింటికి?” అని అడిగారు.