ల్యాప్‌టాప్ బ్యాగుల వివరణ మార్చాక రిటర్నులు తగ్గాయి (నా అనుభవం)

నా ఆన్‌లైన్ స్టోర్‌లో ల్యాప్‌టాప్ బ్యాగుల పేజీ చాలామంది చూసేవారు, కొనేవారు తక్కువ. కొన్నవాళ్లలోనూ కొందరు తిప్పి పంపేవారు. వివరణలో విశేషణాలు పెంచాను, కీవర్డులు (జనం సెర్చ్‌లో వెతికే పదాలు) కుక్కాను, తయారీదారు వివరణే పెట్టి చూశాను, లాభం లేదు.

చివరికి పాత మెసేజ్‌లు, రిటర్న్ కారణాలు ఒకచోట రాసుకున్నాను. ఎక్కువమందిది ఒకటే ప్రశ్న: ‘నా ల్యాప్‌టాప్ పడుతుందా?’ నేను ‘15.6 అంగుళాలకు సరిపోతుంది’ అని మాత్రమే రాశాను. అది తెర మూల నుంచి మూలకు కొలత. బ్యాగులో పట్టాలంటే చూడాల్సింది ల్యాప్‌టాప్ పొడవు, వెడల్పు, మందం. టేపు పెట్టి లోపలి అర కొలిచి, సెంటీమీటర్లలో మొదటి వాక్యంలోనే రాశాను. తర్వాత ఏవి పట్టవో కూడా చెప్పాను. అలా రాయడానికి భయమేసింది, కానీ అసలు పనిచేసింది అదేననుకుంటున్నాను. ఆఖరున ఫోన్‌లో తెరిచి, స్క్రోల్ చేయకుండానే కొలత కనిపిస్తోందో లేదో చూసుకున్నాను.

ప్రశ్నలు, రిటర్నులు రెండూ తగ్గాయి. అప్పుడే ఫొటోలు కూడా మార్చాను కాబట్టి అంతా వివరణ వల్లే అనలేను. కొలతలతో పనిలేని వస్తువులకు నేనింకా ప్రయత్నించలేదు.