పచ్చి, మాగిన పు-అర్ తేయాకులను కలిపి బిళ్ల వేసుకునే విధానం

పు-అర్ తేయాకులో పచ్చి రకాన్నీ మాగిన రకాన్నీ కలిపి బిళ్ల వేయాలనుకునేవారు మొదట గుర్తుంచుకోవలసినది, అచ్చు వేసిన తరువాత పాళ్లను మార్చడానికి వీలుండదన్న విషయం. కాబట్టి పనిలో ముప్పాతిక భాగం అచ్చు దాకా పోకముందే, కప్పుల దగ్గరే పూర్తి కావాలి. ఆవిరి పట్టడం, నొక్కడం, ఆరబెట్టడం నెల్లూరు, ఒంగోలు ఇళ్లలో ఉండే సామానుతోనే జరిగిపోతాయి. పాళ్లు కుదర్చడానికే ఓపిక కావాలి.

ఈ తేయాకు చైనాలోని యునాన్ రాష్ట్రానిది. మన అస్సాం తేయాకు జాతికే చెందిన పెద్దాకును అక్కడ ఇనుప మూకుళ్లలో వేయించి, నలిపి, ఎండలో ఆరబెడతారు. అలా ఎండిన ఆకును నేరుగా ఆవిరిపట్టి అచ్చు వేస్తే అది పచ్చి రకం, అంటే షెంగ్. ఏళ్లు గడిచేకొద్దీ అది తనంతట తానే నెమ్మదిగా మారుతుంది. ఆ మార్పును తొందరపెట్టడానికి 1973లో కున్మింగ్ తేయాకు కర్మాగారంలో ఒక పద్ధతి రూపుదిద్దుకుంది. ఎండిన ఆకును రాశిగా పోసి, నీళ్లు చల్లి, గుడ్డ కప్పి, వేడెక్కినప్పుడల్లా తిరగవేస్తూ నెలన్నర నుంచి రెండు నెలల దాకా ఉంచితే వచ్చేదే మాగిన రకం, అంటే షౌ. ప్రకాశం జిల్లాలో నాటు పొగాకును మండె వేసి తిప్పడం చూసినవారికి ఈ పద్ధతి సులభంగా అర్థమవుతుంది. అయితే మాగబెట్టే పనిని ఇంట్లో తలపెట్టకూడదు. రాశి పెద్దదైతే తప్ప లోపల కావలసిన వేడి నిలవదు. అర కిలో, కిలో ఆకును తడిపి మూత పెడితే మాగడానికి ముందే బూజు పడుతుంది.

కలపడానికి ఆకును ఎంచుకునేటప్పుడు రెండు రకాల వయసునూ చూడాలి. నిరుడు కోసిన పచ్చి ఆకులో చేదు, వగరు పదునుగా ఉంటాయి, వాసన కూడా పచ్చిగా ఉంటుంది. దానికి మాగిన ఆకులోని మట్టివాసన జత కలవదు. కనీసం ఐదారేళ్లు నిలవ ఉన్న పచ్చి ఆకైతే వగరు కొంత తగ్గి, ఎండుపండ్ల ఛాయ మొదలై, రెండో రకంతో కలిసి నడుస్తుంది. మాగిన ఆకు కూడా రాశి నుంచి తీసి రెండు మూడేళ్లు గాలి తగిలినదై ఉండాలి. కొత్తదానికి ఉండే రాశివాసన పచ్చి ఆకు పరిమళాన్ని పూర్తిగా మింగేస్తుంది.

ఆకు తరగతినీ చూసుకోవాలి. యునాన్‌లోని మెంగ్‌హై తేయాకు కర్మాగారపు బిళ్లలకు 7542, 7572 వంటి అంకెలు ఉంటాయి. మొదటి రెండు అంకెలు ఆ పాళ్లను కుదిర్చిన ఏడాదిని, అంటే 1975ను, మూడవది ఆకు తరగతిని, చివరిది కర్మాగారాన్ని సూచిస్తాయి. తరగతి అంకె పెరిగేకొద్దీ ఆకు ముదురు, పెద్దది. మాగిన రకంలో లేతమొగ్గల సన్నని ఆకు తన సారాన్ని మొదటి రెండు మూడు వంపుల్లోనే (అదే ఆకు మీద నీళ్లు పోసి కషాయం వంచుకునే ప్రతిసారీ ఒక వంపు) వదిలేస్తుంది కనుక, పెద్ద పచ్చి ఆకుకు జతగా ఐదు నుంచి ఏడు తరగతుల మాగిన ఆకును తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. వీలైనంతవరకు విడి ఆకునే కొనాలి. పాత బిళ్లలను పగలగొట్టి వాడితే పొడి ఎక్కువై కషాయం చేదెక్కుతుంది.

ఇక పాళ్లు. చాలామంది రెండు రకాలనూ వేరువేరుగా కాచి, కషాయాలను కప్పులో కలిపి రుచి చూస్తారు. అది సరైన పరీక్ష కాదు, ఎందుకంటే మాగిన ఆకు త్వరగా దిగుతుంది, పచ్చి ఆకు ఆలస్యంగా విచ్చుకుంటుంది. ఒకే పాత్రలో రెండూ కలిసి ఎలా నడుస్తాయో కషాయాలను కలిపితే తెలియదు. ఆకులనే కలిపి కాయాలి. 0.1 గ్రాము దాకా చూపే చిన్న త్రాసు ఒకటి, ఒకే కొలతగల మూత కప్పులు మూడు, అంటే చైనావారి గైవాన్‌లు, ఉంటే చాలు. ఒక్కొక్క కప్పులో మొత్తం 7 గ్రాముల ఆకు పడాలి: మొదటిదానిలో పచ్చిది 5, మాగినది 2, రెండవదానిలో 4, 3, మూడవదానిలో 3, 4. మరుగుతున్న నీళ్లు 100 మిల్లీలీటర్ల చొప్పున పోసి, మొదటి నీళ్లను వెంటనే వంపి పారబోయాలి. తరువాత 10 సెకన్ల చొప్పున మొదలుపెట్టి, నాలుగవ వంపు నుంచి కొద్దికొద్దిగా సమయం పెంచుతూ ఎనిమిది వంపుల దాకా మూడు కప్పులనూ పక్కపక్కనే రుచి చూసి రాసుకోవాలి.

మొదటి వంపును బట్టి తీర్పు చెప్పకూడదు. రంగులోనూ చిక్కదనంలోనూ అక్కడ మాగిన ఆకుదే పెత్తనం; 2 గ్రాములున్నా కషాయం ఎర్రగా వస్తుంది. ఐదవ వంపు దగ్గరే అసలు సంగతి బయటపడుతుంది. మాగిన ఆకు బలం తగ్గి పచ్చి ఆకు ముందుకు వచ్చే ఆ ఘట్టంలో, నాలుక మీద చేదు వచ్చి వెంటనే తీపిగా మారితే పాళ్లు కుదిరినట్టే. చేదు అక్కడే నిలిచి గొంతు పట్టేస్తే మాగినది చాలలేదని, నీళ్లలాగా పలచబడితే పచ్చిది చాలలేదని గ్రహించాలి. నాకు 5, 2 పాళ్లే నచ్చుతాయి. రంగు మాగిన ఆకుదైనా నడక పచ్చి ఆకుదిగా ఉండాలన్నది నా పక్షపాతం. వగరు గిట్టనివారు 4, 3 దగ్గర ఆగవచ్చు. మాగిన ఆకు సగం దాటితే పచ్చిది ఉన్నా లేనట్టే అవుతుంది, అప్పుడు నేరుగా మాగిన బిళ్లనే కొనుక్కోవడం చవక.

ఈ పరీక్షకు వాడే నీళ్లు, తరువాత రోజూ తాగడానికి వాడే నీళ్లు ఒకటే కావాలి. బోరునీళ్ల కాఠిన్యం పచ్చి ఆకు పరిమళాన్ని చంపి, కషాయం మీద తెట్టు కడుతుంది. కనిగిరి చుట్టుపక్కల భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఉన్న సంగతి అందరికీ తెలిసిందే, అది మరిగిస్తే పోదు. ముదురు తేయాకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది కనుక ఆ ప్రాంతంవారు శుద్ధిచేసిన నీటినే వాడాలి.

అచ్చు పనికి సంక్రాంతి తరువాత, ఉగాదికి ముందు కాలం అనువైనది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమలో బిళ్ల లోపలి పొర ఆరదు. రోహిణి కార్తె వడగాడ్పులో పైపొర త్వరగా బిగుసుకొని లోపల తడి చిక్కుకుంటుంది.

తేల్చుకున్న పాళ్ల ప్రకారం 100 గ్రాముల బిళ్లకు ఆకును తూచాలి. 5, 2 పాళ్లయితే పచ్చిది 71 గ్రాములు, మాగినది 29 గ్రాములు. యునాన్ బిళ్ల సాధారణంగా 357 గ్రాములు ఉంటుంది. అంత మందపు బిళ్ల ఇంట్లో ఆరదు. తూచిన ఆకులను బాగా కలిపి, మూతపెట్టిన డబ్బాలో రెండు రోజులు ఉంచితే రెండింటి తేమ సమానమవుతుంది. ఒక ముఖం పచ్చిది, ఒక ముఖం మాగినది వచ్చేలా పొరలుగా వేసిన బిళ్లలు చూడటానికి బాగుంటాయి కానీ, విరిచిన ప్రతి ముక్కలో పాళ్లు మారిపోతాయి కనుక వాటి జోలికి పోకపోవడమే మేలు.

వెడల్పు మూతిగల గిన్నెలో సగం దాకా నీళ్లు మరిగించి, గంజీ సబ్బువాసనా లేని పలచని నూలుగుడ్డతో వాసెన కట్టి, దాని మీద ఆకు పరిచి మూత పెట్టాలి. మూతకు కూడా గుడ్డ చుట్టకపోతే ఆవిరి చుక్కలుగా ఆకు మీద రాలుతుంది. నిమిషం లోపే ఆకు మెత్తబడుతుంది. కాడను వంచితే విరగకుండా వంగిన వెంటనే దించాలి. అంతకు మించితే పచ్చి ఆకుకు ఉడికిన వాసన పడుతుంది. వేడి తగ్గకముందే గుడ్డ అంచులను కూడదీసి మెలితిప్పి, ముడి అడుగువైపు మధ్యలోకి వచ్చేలా సర్ది, రెండు చదునైన పలకల మధ్య ఉంచి, పైన ఒక మనిషి రెండు మూడు నిమిషాలు నిలబడాలి. ఆ తరువాత సన్నికల్లు పెట్టి పూర్తిగా చల్లారేదాకా వదిలేయాలి. వేడిగా ఉండగా గుడ్డ విప్పితే పెద్ద ఆకు తిరిగి ఉబ్బి అంచులు ఊడిపోతాయి.

విప్పిన బిళ్లను వెదురు జల్లెడ మీద, నీడలో, ఫ్యాను గాలి తగిలేచోట ఉంచి రోజుకు రెండుసార్లు తిప్పాలి. ఎండలోనూ ఓవెన్‌లోనూ పెట్టకూడదు. ఆరిందా లేదా అన్నది చేతికి తెలియదు, త్రాసుకే తెలుస్తుంది. ఆవిరికి ముందున్న బరువుకు తిరిగి వచ్చి, రెండు రోజుల పాటు అక్కడే నిలిస్తే ఆరినట్టు. దీనికి వారం దాకా పట్టవచ్చు.

ఆరిన బిళ్లను వాసనలేని కాగితంలో చుట్టి, తేదీ, పాళ్లు రాసి, 60 నుంచి 70 శాతం తేమ ఉండేలా మూతగల పెట్టెలో దాచాలి. తేమ కొలిచే చిన్న పరికరం పెట్టెలోనే ఉంటే వానకాలంలో ఊహతో పని ఉండదు. తేయాకు వాసనలను పీల్చుకుంటుంది. చేపల పులుసు కాగే వంటిల్లు, ఎండుచేపలు, ఇంగువ, పొగాకు ఉన్న గది దీనికి పనికిరావు. పచ్చి ఆకు ఒక్కటే ఉన్న బిళ్లలను కూడా ఇదే పెట్టెలో పెట్టకూడదు, మాగిన వాసన వాటికీ అంటుతుంది. పసుపు, ఆకుపచ్చ, నలుపు రంగుల నూగుబూజు కనిపిస్తే ఆ బిళ్లను గీకి వాడుకోవాలని చూడక పారవేయాలి.

కొత్త బిళ్లకు ఆవిరి తాలూకు నీళ్లవాసన కొన్నాళ్లు ఉంటుంది కనుక రెండు నెలల దాకా రుచిని బట్టి ఏమీ తేల్చవద్దు. తరువాత కత్తి మొనతో అంచు నుంచి పొరగా తీసిన 7 గ్రాముల ముక్కను మునుపటిలాగే ఎనిమిది వంపులు కాచి, ఐదవ వంపును నాటి పరీక్షలో రాసుకున్న వివరాలతో పోల్చాలి. తేడా ఉంటే రాబోయే బిళ్లలో మాగినదాన్ని 100 గ్రాములకు ఐదు గ్రాముల చొప్పున మాత్రమే పెంచడమో తగ్గించడమో చేయాలి.