రాత్రి 2:10కి అలర్ట్ వస్తే ఏమి చూడాలి

రుషికొండలోని మా ఆఫీసులో సెక్యూరిటీ మానిటరింగ్‌కు కొత్తగా వచ్చే పిల్లలకు నేను మొదటి వారం టూల్స్ నేర్పను. లాగ్, అంటే కంప్యూటర్ తనలో జరిగినవాటిని రాసిపెట్టుకునే చిట్టా, చదవడం నేర్పుతాను. లాగ్‌లన్నీ ఒకచోట చేర్చే సీమ్ (SIEM) సాఫ్ట్‌వేర్ ఏ కంపెనీదైనా, చివరికి మీ ముందుకు వచ్చేది ఎవరో, ఎక్కడి నుంచో, ఏదో చేశారని చెప్పే కొన్ని వరుసలే. వాటి అసలు అర్థం తేల్చడమే మన ఉద్యోగం.

తరచుగా వచ్చే అలర్ట్‌నే తీసుకుందాం. ఒక విండోస్ సర్వర్‌లో లాగిన్ వైఫల్యాలు కుప్పలుగా పడ్డాయి, ఈవెంట్ నంబరు 4625. ముందు సమయం చూడండి. చాలా సిస్టమ్‌లు యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, రాస్తాయి, మనం ఐదున్నర గంటలు కలుపుకోవాలి. తెర మీద 20:40 అని ఉంటే విశాఖలో రాత్రి 2:10, తేదీ కూడా మారిపోయినట్టే. ఈ లెక్క తప్పితే ఏది ముందు జరిగిందో, ఏది తరువాత జరిగిందో తెలియదు.

ఇప్పుడు వైఫల్యాల తీరు చూడండి. ఒకే ఖాతా, ఒకే యంత్రం, సరిగ్గా ఐదు నిమిషాలకొకటి చొప్పున వస్తుంటే, చాలాసార్లు అది పాత పాస్‌వర్డ్‌తోనే నడుస్తున్న షెడ్యూల్డ్ టాస్క్, అంటే వేళకు తనంతట తానే నడిచేలా పెట్టిన పని. అదే ఒకే నెట్‌వర్క్ (ఐపీ) చిరునామా నుంచి పదుల ఖాతాల మీద ఒక్కొక్క ప్రయత్నమే పడితే పాస్‌వర్డ్ స్ప్రే అని అనుమానించాలి. ఖాతాలు లాక్ కాకూడదనే దాడి చేసేవాళ్లు అలా చేస్తారు. వైఫల్యానికి కారణం కూడా అదే ఈవెంట్‌లో కోడ్ రూపంలో ఉంటుంది. అసలు లేని యూజర్ పేర్లే ఎక్కువగా ఉంటే ఎవరో ఊహించి ప్రయత్నిస్తున్నారు. పేర్లన్నీ సరిగ్గా ఉండి పాస్‌వర్డే తప్పయితే, మన ఉద్యోగుల జాబితా ఎవరి చేతికో చిక్కిందేమో ఆలోచించండి. లాగిన్ ఏ దారిన వచ్చిందో చెప్పే 'లాగిన్ రకం' అనే అంకె కూడా అందులోనే ఉంటుంది. 10 అంటే రిమోట్ డెస్క్‌టాప్, దూరం నుంచి ఆ యంత్రం తెరను తెరిచి పనిచేయడం. కానీ నెట్‌వర్క్ స్థాయి ధ్రువీకరణ (తెర తెరుచుకోకముందే పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతి) ఉన్నచోట ఆ వైఫల్యాలు 3గా, అంటే నెట్‌వర్క్ లాగిన్‌గా, నమోదవుతాయి, కాబట్టి 3 కనిపించిందని రిమోట్ డెస్క్‌టాప్‌ను కొట్టిపారేయకండి.

అన్నిటికంటే ముఖ్యం, అదే చిరునామా నుంచి తరువాత 4624, అంటే సఫలమైన లాగిన్, ఉందా అన్నది. వెంటనే 4720 వచ్చి కొత్త ఖాతా పుట్టిందా? 1102తో సెక్యూరిటీ లాగ్‌నే తుడిచేశారా? స్ప్రే వెనుక 4624 కనిపిస్తే ఇక తర్జనభర్జన వద్దు, సీనియర్‌ను నిద్రలేపండి. అనవసరంగా లేపారని నేను ఎవరినీ ఒక్క మాట అనను.

లాగ్‌లు రాకపోవడం కూడా అలర్టే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన ఊరు మనది, గాలివానకు కరెంటూ లింకూ పోవడం మనకు కొత్త కాదు. అయినా ఒక సర్వర్ మూగబోతే 'వాన కదా' అని వదిలేయకూడదు. పక్క సర్వర్ మాట్లాడుతూ ఇదొక్కటే ఆగిందంటే, లాగ్‌లు పంపే ఏజెంట్ ప్రోగ్రామ్‌ను ఎవరైనా ఆపారేమో తేల్చాలి.

ఇక టికెట్, అంటే ఒక్కో అలర్ట్ మీద మనం రాసిపెట్టే నమోదు. 'చూశాను, ఫాల్స్ పాజిటివ్ (ఉత్తుత్తి అలర్ట్)' అని రాసి మూసేస్తే ఉదయం షిఫ్టువాళ్లు మళ్లీ మొదటి నుంచి తవ్వాలి. ఇలా రాయండి: 'రాత్రి 2:10 నుంచి బ్యాకప్ ఖాతాపై వైఫల్యాలు. అన్నీ బ్యాకప్ సర్వర్ నుంచే, ఐదు నిమిషాలకొకటి. నిన్న సాయంత్రం పాస్‌వర్డ్ మార్చినట్టు సర్వర్ బృందం ధ్రువీకరించింది. సఫలమైన లాగిన్ లేదు.' మీరు గమనించిన సమయాన్ని తప్పకుండా రాయండి. సైబర్ ఘటనలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, నివేదించవలసిన సంఘటనను గమనించిన 6 గంటల్లోపు తెలియజేయాలి. లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి.

ఉద్యోగం కోసం చూస్తున్నవారు సర్టిఫికెట్ల కోసం అప్పు చేయకండి. ఉన్న ల్యాప్‌టాప్‌లోనే రెండు వర్చువల్ మెషీన్‌లు (కంప్యూటర్ లోపలే నడిచే కంప్యూటర్లు) పెట్టి, ఉచితంగా దొరికే వాజూ (లాగ్‌లు ఒకచోట చేర్చి అలర్ట్‌లు ఇచ్చేది), సిస్‌మాన్ (విండోస్‌లో జరిగేవాటిని మరింత వివరంగా లాగ్ చేసేది) ఎక్కించండి. ప్రయోగాలు మీ సొంత యంత్రాల మీదే చేయాలి. అనుమతి లేకుండా కాలేజీ నెట్‌వర్క్ మీద చేస్తే ఐటీ చట్టం కింద నేరం కావచ్చు. తప్పు పాస్‌వర్డ్ మీరే కొట్టి, పడిన 4625ను గడి గడీ చదవండి. నేను ఇంటర్వ్యూలో అడిగే మొదటి ప్రశ్న దాని మీదే ఉంటుంది.